సరిహద్దుకు పోయిన కట్టలు

మా బడిలో యుద్ధం అయిపోయిన సంబురం ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు నా నోటి గురించి చెప్పాలి. ఒక మాట చెప్పమంటే దానికి నాలుగు మాటలు అతికించి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఆ జబ్బు వల్లే ఆ రోజు మా పెద్దసారుకు చెమటలు పట్టాయి. ఆ జబ్బు వల్లే ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఇంకో జానెడు పైకి లేస్తుంది.

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడు నాకు ఇరవై రెండేళ్లు. నిజామాబాద్‌లో డిగ్రీ పూర్తి చేసి, బోధన్ దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు విద్యా వాలంటీరుగా కుదిరాను. పొద్దున్నే బస్సెక్కి, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించాక రెండో స్టేజీలో దిగి, చెరుకు తోటల మధ్య నుంచి నడిచి పోవాలి. వానాకాలంలో ఆ దారి గురించి మాట్లాడకపోవడమే మంచిది. చెప్పులు చేతిలో పట్టుకొని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని నడిచే టీచరమ్మను చూసి ఎడ్లబండ్ల వాళ్లు పళ్లికిలించేవాళ్లు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, "మీ ఎడ్లకున్న బుద్ధి మీకు లేదు" అని అనేసి పోయేదాన్ని.

బడి అంటే రెండు గదులు, ఒక వరండా, ముందు చిన్న మైదానం. ఐదు తరగతులకు కలిపి ఇద్దరమే, పెద్దసారు, నేను. పెద్దసారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. చొక్కా ఇస్త్రీ మడత సాయంత్రం దాకా నలిగేది కాదు. మండలం ఆఫీసు నుంచి కాగితం వస్తే కళ్లజోడు తుడుచుకొని మూడుసార్లు చదివేవారు, నాలుగోసారి నాతో చదివించేవారు. ఎవరికి ఎక్కడ కోపం వస్తుందో, ఏ ఆఫీసరు ఏమంటాడో అని ఎప్పుడూ గుండె గుప్పిట్లో పెట్టుకొని ఉండేవారు. కానీ పిల్లల మీద చెయ్యి ఎత్తడం నేనెన్నడూ చూడలేదు. బెత్తం బల్ల మీద కొట్టి కేక పెట్టడమే ఆయనకు తెలిసిన పెద్ద శిక్ష.

ఆ ఊళ్లో సగం ఇళ్లు వరి, చెరుకు వేసేవి. మిగతా సగం ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. పొద్దున లేచింది మొదలు అరుగు మీద కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని, నానబెట్టిన తునికాకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కట్టి... సాయంత్రానికి కట్టలు గంపలో పెట్టుకొని బీడీల కార్ఖానాకు పోయేవాళ్లు. దారం కట్టడానికి ఆడపిల్లలను బడి మాన్పిస్తే నేను ఆ ఇంటి ముందుకే పోయి లొల్లి పెట్టేదాన్ని. "టీచరమ్మ వస్తుంది, పిల్లను దాచిపెట్టు" అని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకొని నవ్వేవాళ్లు. నాకు బీడీ అంటేనే ఒళ్లు మండేది.

ఎందుకు మండేదో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను పుట్టి పెరిగింది నిజామాబాద్‌లో బీడీలు చుట్టే గల్లీలోనే. మా దిక్కున అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ చాట మీద నుంచి తల ఎత్తకుండా నన్ను డిగ్రీ దాకా చదివించింది. నా పుస్తకాలకు, నా ఓణీలకు, నా జడకు ఎప్పుడూ తంబాకు వాసనే. కాలేజీకి పోయే బస్సులో ఒకసారి నా పక్క సీటావిడ ముక్కు ముడిచి, "తంబాకు వాసన ఎక్కడి నుంచి వస్తుంది?" అంది. నేను కూడా ఆవిడతో పాటు అటూ ఇటూ చూశాను, ఎవరి దగ్గర నుంచి వస్తుందో తెలియనట్టు. ఆ రోజు నుంచి ముఖానికి రాసుకునే పౌడరు బట్టలకు కూడా కొట్టుకొని పోయేదాన్ని. బడిలో చేరిన కొత్తలో పెద్దసారు "మీ అమ్మ ఏం చేస్తదమ్మా?" అని అడిగితే "ఇంట్లనే ఉంటది సార్" అన్నాను. అది అబద్ధం కాదు. బీడీలు ఇంట్లోనే కదా చుట్టేది.

ఆ ఎండాకాలమంతా ఊరు యుద్ధం మాటలే మాట్లాడింది. జూన్‌లో బడి తెరిచేసరికి పిల్లలు చెరుకు గడలు భుజాన పెట్టుకొని మైదానంలో కాల్పులు మొదలుపెట్టారు. శత్రువులుగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోరు కాబట్టి ఒకటో తరగతి వాళ్లను శత్రువులను చేసి పడేసేవాళ్లు. వాళ్లు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చేవాళ్లు. జూలై పోతుండగా యుద్ధం అయిపోయిందని రేడియోలో విన్నాం. ఆ తర్వాతి వారమే మండలం ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ప్రతి బడిలో ఒక కార్యక్రమం పెట్టాలి, ప్రాణాలు ఇచ్చిన వాళ్లకు మౌనం పాటించాలి, సైనికులకు పిల్లల చేత శుభాకాంక్షలు పంపించాలి.

పెద్దసారు అదృష్టం ఏమిటంటే అదే సమయానికి ఒక జవాను, ఆ ఊరికి కోడలిగా వచ్చిన తన అక్కను చూడడానికి సెలవు మీద వచ్చాడు. అతని సొంతూరు సిరికొండ దిక్కు, అడవి పక్కన. యుద్ధం జరిగిన దగ్గర్నుంచే వచ్చాడట. పెద్దసారు తెల్లారకముందే వాళ్ల ఇంటికి పోయి ముఖ్య అతిథిని ఖాయం చేసుకొని వచ్చారు. నన్ను పిలిచి చెప్పారు.

"పిల్లలతోని గ్రీటింగు కార్డులు, రాఖీలు చేయించమ్మా. చేతితోని చేసినయి అయితే బాగుంటది. ఆ జవాను సెలవు అయినంక పెట్టెల పెట్టుకొని పోతా అన్నడు."

అంతే. ఆయన చెప్పింది అంతే. నేను పిల్లలను వరుసలో నిలబెట్టి దానికి నా నాలుగు మాటలు అతికించాను.

"కొన్నయి తేవద్దు. కొన్నదాంట్ల ప్రేమ ఉండది. మీ ఇంట్ల మీ అమ్మలు చేతులతోని మంచిగ చేస్తరు గదా, అసొంటిది తెండి. మీ ఇంట్ల చేసేటియాట్ల అన్నిటికన్న మంచిది ఏరి తెండి. సిపాయి సూసి సంబురపడాలె!"

పిల్లలు "సరే టీచర్!" అని అరిచారు. ఎంత బాగా చెప్పానో అని నేను రోజంతా మురిసిపోయాను.

కార్యక్రమం రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. వరండాలో బల్ల వేసి, అవ్వ పెట్టెలోంచి తెచ్చిన తెల్ల దుప్పటి పరిచాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తెచ్చినవి పెట్టసాగారు. మొదట కార్డులు వచ్చాయి. మూడు రంగుల జెండాలో చక్రాన్ని ఒకడు బండిచక్రంలా వేశాడు, ఇరుసుతో సహా. ఇంకొక పిల్లవాడు అమ్మమ్మ మోర్తాడ్ నుంచి తెచ్చిన పసుపు కొమ్ములు గుడ్డలో మూట కట్టి తెచ్చాడు, "దెబ్బ తాకితె పెట్టుకోను" అన్నాడు. ఒక ఇంటి నుంచి సీసాలో మామిడి తొక్కు పచ్చడి వచ్చింది. నా కళ్లు చెమ్మగిల్లుతున్నాయి. అప్పుడు మూడో తరగతి పిల్ల ఒకతి వచ్చి కొంగులాంటి గుడ్డ విప్పి బల్ల మీద బీడీ కట్ట పెట్టింది.

"ఇదేందే?"

"బీడీలు టీచర్."

"అది నాకు కనవడుతలేదా? బడికి బీడీలు తెస్తరా?"

ఆ పిల్ల నావైపు విచిత్రంగా చూసింది. "నువ్వే చెప్తివి గద టీచర్. మా అవ్వ చేతులతోని చేసింది తెమ్మని. మా ఇంట్ల చేసేటియాట్ల గిదే మంచిది. మా అవ్వ మంచి ఆకు ఏరి చేసింది."

ఆమె వెనకాల వరుసలో ఉన్న పిల్లలను అప్పుడు చూశాను. సగం మంది చేతుల్లో అవే ఉన్నాయి. ఒకరిది కాగితంలో, ఒకరిది కొత్త రుమాలులో. ఒకరిద్దరు కాదు. ఊరి ఆడవాళ్లందరూ మాట్లాడుకొని మరీ పంపారని తెలుస్తూనే ఉంది, ఎందుకంటే ఏ కట్టకూ కార్ఖానా దారం లేదు. పాత చీరల అంచులు విప్పి తీసిన పోగులు, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మూడూ కలిపి పేని కట్టారు. కాషాయం దొరకని వాళ్లు పసుపులో ముంచిన దారం వాడారు. నా ఎదుట బల్ల మీద తెల్ల దుప్పటి నిండుగా తునికాకు కట్టలు పేరుకున్నాయి.

పెద్దసారు కార్యక్రమం కాగితం పట్టుకొని వచ్చి బల్లను చూశారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకొని చూశారు. కట్టలు అక్కడే ఉన్నాయి.

"అమ్మా... ఇవేంది? బడి ఇది! ఎవలన్న ఆఫీసరు వస్తే నా పెన్షను పోతదమ్మా. పిల్లలతోని బీడీలు పంపిచ్చిన్రు అని పేపర్ల వేస్తరు!"

తప్పు నాదేనని చెప్పాను. బడిలో బీడీలు ఉండకూడదన్న ఆయన మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఆ విషయంలో నాకు ఆయనతో పేచీ లేదు.

"జల్ది ఏరెయ్యి. కార్డులు, తొక్కు, పసుపు ఇటు పెట్టు. అవన్నీ తీసి బీరువాల వెయ్యి. సాయంత్రం వాపస్ ఇచ్చేద్దాం" అని ఆయన మైదానంలోకి పరుగుపెట్టారు.

నేను ఏరడం మొదలుపెట్టాను. ఒక చేత్తో కార్డు ఇటు, ఇంకో చేత్తో కట్ట అటు. కార్డు ఇటు, కట్ట అటు. చకచకా చేస్తున్నాను. ఆ మూడో తరగతి పిల్ల బల్లకు గడ్డం ఆనించి నిలబడింది. నా ముఖం వైపు చూడడం లేదు. నా వేళ్లను చూస్తోంది.

"టీచర్, మాయి గూడ తీసేస్తున్నవా?" అంది మెల్లగా.

నా వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

చిన్నప్పుడు సాయంత్రాలు అవ్వ వెంట నేనూ కార్ఖానాకు పోయేదాన్ని. అక్కడ బీడీలు చూసి తీసుకునే గుమాస్తాను మునీబు అనేవాళ్లు. అవ్వ గంప దించి, కట్టలు ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకొని నిలబడేది. ఆయన కట్ట విప్పి, బీడీలు పరిచి, వేళ్లతో నొక్కి నొక్కి చూసేవాడు. "ఇది లూజు. ఇది సన్నం. ఇది ఆకు చినిగింది." అన్నవాటిని పక్కనున్న డబ్బాలోకి విసిరేవాడు. డబ్బాలో పడ్డ బీడీ మళ్లీ మనది కాదు, లెక్కలోకి రాదు. బాగున్నవి కూడా పోయేవి. ఒక్కరోజు కూడా అవ్వ కట్టలు పూర్తిగా ఒప్పుకోవడం నేను చూడలేదు. అవ్వ ఆయన ముఖం చూసేది కాదు. ఆయన వేళ్లనే చూసేది. ఆ పిల్ల చూసినట్టే. తిరిగి వచ్చేటప్పుడు నాకు ఉప్పు బఠానీలు కొనిపెట్టి తను ఖాళీ గంప చంకన పెట్టుకొని ముందు నడిచేది.

నేను ఆ బల్ల దగ్గర నిలబడి సరిగ్గా ఆ పనే చేస్తున్నాను. డిగ్రీ చదివి, పౌడరు కొట్టుకొని, చెప్పులు చేత పట్టుకొని చెరుకు తోటలు దాటి వచ్చి, నేను మునీబును అయ్యాను. నా మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

అటు తీసిన కట్టలన్నీ మళ్లీ ఇటు తెచ్చి పెట్టాను. ఈసారి ముందు వరుసలో, అందరికీ కనిపించేటట్టు. పెద్దసారు అగరుబత్తీల పొట్లం పట్టుకొని వచ్చి అదిరిపడ్డారు.

"నేను తియ్య సార్" అన్నాను.

"గదేంది?"

"ఇవి ఊకె తెచ్చినయి కావు. ఒక కట్ట చుట్టాలంటె ఎంత సేపు అయితదో నాకు తెలుసు. కార్ఖానాల ఇచ్చే ఆకు కొలిచి ఇస్తరు సార్, మిగలది. ఇవి వాళ్ల సొంత ఆకుతోని చేసిన్రు."

"నీకెట్ల తెలుసమ్మా?"

"మా అవ్వ బీడీలు చేస్తది" అన్నాను. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. వరుసలో ఉన్న పిల్లలందరూ విన్నారు. "బీడీలు చేసుకుంటనే నన్ను చదివిచ్చింది సార్. బడిల బీడీలు ఉండొద్దు, నేను గూడ ఒప్పుకుంట. కని ఇవి పిల్లలు తాగనికె తెచ్చినయి కావు. సిపాయికి ఇయ్యనికె తెచ్చినయి. తీసుకుంటడో, వద్దంటడో ఆయిననే చెప్పనియ్యి. మనం నడుమ ఏరుడు వద్దు."

మూడో తరగతి పిల్ల నోరు తెరిచి నన్ను చూసింది. ఆ క్షణం నుంచి ఆ పిల్ల నాకు భయపడడం మానేసింది, ఆ తర్వాత ఏడాదంతా నేను ఆ ఫలితం అనుభవించాను. పెద్దసారు ఏదో అనబోయారు. అంతలో గేటు దగ్గర "వచ్చిండు, వచ్చిండు!" అని అరుపులు వినిపించాయి. ఆయన అగరుబత్తీలు నా చేతిలో పెట్టి దండ కోసం ఉరికారు.

జవానుకు పాతికేళ్లు ఉంటాయేమో. యూనిఫారం వేసుకొని రమ్మని పెద్దసారు చెప్పి ఉంటారు, వేసుకొని వచ్చాడు కానీ కాళ్లకు బురద అంటకుండా గంతులేస్తూ వచ్చాడు. అతని వెనకే ఊరి ఆడవాళ్లు వచ్చారు. చాటలు చంకన పెట్టుకొనే వచ్చారు. బీడీలు చేసే ఆడది ఎక్కడ కూర్చుంటే అక్కడ పని సాగాల్సిందే. వరండా గోడ వెంట వరుసగా కూర్చొని, కత్తెరలు తీసి, కార్యక్రమం చూస్తూనే ఆకు కత్తిరించసాగారు.

పెద్దసారు ఉపన్యాసం పావుగంట సాగింది. ముఖ్య అతిథి మంచు కొండలు ఎక్కి శత్రువుల గుండెల్లో నిద్రపోయాడని, ఒంటిచేత్తో ఎంతమందినో నేలకూల్చాడని చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రగా చేసుకున్నారు. జవాను తల దించుకొని మెడలో దండ సర్దుకుంటూ కూర్చున్నాడు. మాట్లాడడానికి లేచి ముందు నవ్వాడు.

"సారు మంచిగ చెప్పిండు గని, గవి నేను చెయ్యలే. నేను లారీ నడుపుత. పైన కొట్లాడెటోళ్లకు కింది నుంచి సామాను తీసుకపోయిన. బియ్యం, పప్పు, ఆలుగడ్డ, కంబళ్లు."

పిల్లల్లో ఒకడికి ఆశ చావలేదు. "గన్ను కాల్సలేదా?"

"నా చేతుల స్టీరింగు ఉండె తమ్మీ. ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు లోయ. లైట్లు వేస్తె పై నుంచి కొడుతరు. లైట్లు వెయ్యకుండ పోవాలె." మెడలో దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా ముందు లారీల ఉన్న దోస్తు వాపస్ రాలే. ఆయిన గూడ నా లెక్కనే ఆలుగడ్డ మోసినోడే."

ఇంకెవరూ గన్ను గురించి అడగలేదు. పెద్దసారు లేచి, మౌనం పాటిద్దామని మెల్లగా అన్నారు. అందరం నిలబడ్డాం. పిల్లలు ఎప్పుడు నవ్వుతారో అని నేను కళ్లు ఉరుముతూ సిద్ధంగా ఉన్నాను, కానీ ఎవరూ నవ్వలేదు. ఏదో తేడా అనిపించి గోడ వైపు చూశాను. ఆడవాళ్లు చాటలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. కత్తెరల చప్పుడు ఆగిపోయింది. మా గల్లీలో ఎవరైనా చనిపోయిన రోజు కూడా మధ్యాహ్నానికల్లా ఆ చప్పుడు మళ్లీ మొదలయ్యేది. వాళ్ల చేతులు అలా ఊరికే ఉండడం నేను అప్పుడే చూశాను. ఎవరో తెలియని లారీ డ్రైవరు కోసం వాళ్లు చేతులు ఆపారు. ఆ ఊళ్లో పని చేస్తున్నందుకు నాకు గర్వంగా అనిపించింది.

మౌనం అయిపోయాక పిల్లలు ఇచ్చేవి అందుకొమ్మని నేను జవానును బల్ల దగ్గరికి పిలిచాను. పెద్దసారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. జవాను కార్డులు చూశాడు, ఇరుసున్న చక్రాన్ని చూసి నవ్వాడు. పసుపు మూట వాసన చూశాడు. తర్వాత కట్టల దగ్గర ఆగాడు.

"ఇవేంది?"

నేను నోరు తెరిచే లోపే మూడో తరగతి పిల్ల అందుకుంది. "మా ఇంట్ల చేసినయి. టీచరు మంచియి తెమ్మన్నది. గివే మంచియి."

అతను ఒక కట్ట తీసుకొని చేతిలో తిప్పాడు. ఆకును బొటనవేలితో రాశాడు.

"మా దిక్కు ఆకే అయితది ఇది. ఎండకాలం పొద్దుగాల్నే లేచి అడివిల తెంపేటోళ్లం. మా అక్క, నేను. ఆకు తెంపి తెంపి చేతులు నల్లగయ్యేటియి." గోడ వైపు తిరిగి అడిగాడు. "ఇవన్ని మీరే చేసిన్రా అక్కా?"

ఒక పెద్దావిడ లేచి వచ్చింది. ఆ మూడో తరగతి పిల్లకు నాయనమ్మ. అలవాటు చొప్పున గంప పక్కన నిలబడినట్టు బల్ల పక్కన నిలబడి, చేతులు కట్టుకొని, తల వంచి అతని వేళ్ల వైపు చూసింది. జవాను భుజాన ఉన్న సంచి దించి మూతి తెరిచాడు. కార్డులు, పసుపు, తొక్కు అడుగున పెట్టి, కట్టలు ఒకటొకటి తీసి లోపల సర్దడం మొదలుపెట్టాడు. దారం తెగకుండా, ఆకు నలగకుండా. ఒక్క కట్ట కూడా విప్పలేదు. ఒక్క బీడీని కూడా నొక్కి చూడలేదు. బల్ల మీద కట్టలు తరుగుతుంటే ఆ పెద్దావిడ కళ్లు అతని వేళ్లతో పాటే తిరుగుతున్నాయి. చివరి కట్ట సంచిలో పడింది. బల్ల ఖాళీ అయింది. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"ఏందవ్వా?" అన్నాడు జవాను.

"ఏం లే బిడ్డా. విప్పి సూస్తవేమో అని నిలవడ్డ."

"నువ్వు ఇస్తె నేను సూసుడేందవ్వా? నేను బీడీ తాగ. కని మా లారీలోళ్లు తాగుతరు, ఊరి బీడీ అంటె ఎగిరి దుంకుతరు."

ఆమె తల ఊపింది. గోడ దగ్గరికి తిరిగి పోయి కూర్చుంది, కానీ చాట ఒళ్లోకి తీసుకోలేదు. పక్కావిడతో అంటుంటే విన్నాను. "ఒక్కటి గూడ తీసెయ్యలే సూడు." నేను గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఏడ్చానని ఇప్పుడు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

అందరూ పోయాక పెద్దసారు బడి రిజిస్టరు తెరిచి ఆనాటి కార్యక్రమం రాయసాగారు. పిల్లలు జవానుకు ఇచ్చిన వస్తువుల దగ్గర కలం ఆగింది. "చేతిపని వస్తువులు" అని రాశారు. నేను ఎదురుగా కూర్చొని ఏమీ అనలేదు. నాకు అది ఎంత కష్టమైన పనో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆయన కాసేపు ఆ మాటను చూశారు, దాన్ని కొట్టేసి పైన స్పష్టంగా "బీడీ కట్టలు" అని రాసి సంతకం పెట్టారు.

"ఎవలన్న అడిగితే నేనే తెమ్మన్న అని చెప్త. నువ్వు నోరు తెరవకు" అన్నారు.

ఎవరూ అడగలేదు. కానీ అడిగితే ఆయన ఆ మాటే చెప్పేవారు. ఆ రోజు నుంచి ఆయనను భయస్తుడని నేను ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అవ్వ గడప దగ్గర చాటతో కూర్చుంది. చెప్పులు కూడా విడవకుండా మొత్తం చెప్పేశాను. బడిలో అందరి ముందు తన పని గురించి చెప్పానంటే అవ్వకు కోపం వచ్చింది.

"గది ఎందుకు చెప్పినవే? నీ నౌకరికి ఏమన్న అయితె?"

"ఏం కాదు."

ఆమె వేళ్లు బీడీ చుడుతూనే ఉన్నాయి. కాసేపటికి అడిగింది. "మరి అన్ని కట్టలు తీసుకున్నడా?"

"అన్ని తీసుకున్నడు."

"విప్పి సూడలే?"

"సూడలే అవ్వా."

"ఒక్కటి గూడ తియ్యలే?"

"ఒక్కటి గూడ తియ్యలే."

అవ్వ చేతులు ఆగాయి. చాటలో చుట్టి పెట్టిన బీడీలను కాసేపు అలా చూసింది. ఆ తర్వాత నానబెట్టిన ఆకు గుడ్డ విప్పి, ఒక్కొక్క ఆకునూ వెలుతురుకు పట్టి చూసి, ఈనె సన్నగా ఉన్నవి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పిలగాడు పోయిండా, ఇంక ఉన్నడా?"

"ఇంక నాలుగు రోజులు ఉంటడు."

మర్నాడు పొద్దున బస్సులో నా సంచిలో సుద్దముక్కల డబ్బా పక్కన అవ్వ చుట్టిన కట్ట ఉంది. తన పెళ్లి చీర అంచు నుంచి తీసిన పోగుతో కట్టింది. బట్టలకు పౌడరు కొట్టుకోవడం మరిచిపోయానో, మానేశానో నాకే తెలియదు. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుండగా పక్క సీటావిడ ముక్కు ఎగబీల్చి ఇటూ అటూ చూసింది.

"తంబాకు వాసన వస్తుంది, ఎవలదో?"

"నాదే అక్కా" అన్నాను. "మా అవ్వ చేసింది."